తెర మీది స్నేహాలకూ ఒక ఆనవాయితీ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఫోన్లో కలిసిన స్నేహాలు స్నేహాలే కావని, ఆపదలో వాకిట్లోకి వచ్చి నిలబడేవాడే స్నేహితుడని ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాశారు. ఆయన బాధ అర్థమైంది. అన్నం ముందు కూర్చున్నా పిల్లలు ఫోను వదలడం లేదన్నది మా ఇంట్లోనూ ఉన్నదే. కానీ ఆయన తీర్పుకు మాత్రం నేను ఒప్పుకోను. నాకు బాగా దగ్గరైన వాళ్లలో కొందరి ముఖం ఈ రోజు వరకు ఎదురుగా చూడలేదు. అయినా వాళ్లు నా మనుషులే.

నేను మక్తల్ దగ్గర ఒక పల్లెలో బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌ని. కాగితం మీద చూస్తే నాలుగైదు గంటల ఉద్యోగం. పింఛన్లు పంచే రోజుల్లో ఆ గంటలకు లెక్క ఉండదు. కలుపు తీసి, పత్తి ఏరి, గిన్నెలు తోమిన అవ్వల వేళ్ల మీద గీతలే మిగలవు. వేలిముద్రతోనే పింఛను ఇచ్చిన రోజుల్లో వేలు తుడిచి, తడిపి, మళ్లీ పెట్టించి, మిషన్ ఒప్పుకునేదాకా ఓపిక పట్టాల్సి వచ్చేది. ఆఫీసు మూశాక చేను. కంది, పత్తి వేస్తాం. ఇంటికొస్తే అత్తమ్మ మందులు, పిల్లల హోంవర్కు. అందరూ పడుకున్నాక కాసేపు దొరికితే బ్లాగులో రాసుకుంటాను. పింఛను కోసం గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వలు చెప్పుకునే ముచ్చట్లు, పేర్లు లేకుండా. కృష్ణలో కొత్త నీళ్లు వచ్చిన సంగతి. రాయచూరు మార్కెట్లో కందుల ధర. పెద్ద రచనలేమీ కావు. కానీ రాయకపోతే నాకు రోజు పూర్తయినట్టు ఉండదు.

మొదట్లో మక్తల్‌లో నెట్ సెంటర్‌కు పోయి లేఖినిలో కొట్టేదాన్ని. ఇంగ్లిషు అక్షరాలు కొడితే పక్కనే తెలుగు వచ్చేది. కూడలి అని ఒక చోటు ఉండేది. తెలుగులో రాసేవాళ్ల కొత్త టపాలన్నీ, అంటే బ్లాగు రాతలన్నీ, అక్కడ వరసగా కనపడేవి. అవి చూసి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చదివి పలకరించేవాళ్లు. నా స్నేహితులు అట్లా దొరికిన వాళ్లే. విజయవాడలో ఒక అక్క, దమ్మామ్‌లో డ్రైవరుగా ఉన్న ఒక తమ్ముడు, నల్లగొండలో పుట్టి న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న నా ఈడు మనిషి, మిర్యాలగూడలో రిటైరైన తెలుగు సారు, హైదరాబాద్‌లో ఇద్దరు. ఎవరికీ తీరిక లేదు. తమ్ముడికి శుక్రవారం ఒక్కటే సెలవు. అక్కడికీ మనకూ రెండున్నర గంటల తేడా కాబట్టి ఆయన డ్యూటీ దిగి అన్నం తినే వేళకు మా ఊరు నిద్రపోతుంటుంది. న్యూజెర్సీ ఆమెతో ఎండాకాలం తొమ్మిదిన్నర గంటల తేడా. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకోగానే అది పదిన్నర అవుతుంది. అప్పటిదాకా కుదిరిన వేళ కూడా చెడుతుంది.

ఇట్లాంటి స్నేహాలు ఎక్కడ తెగిపోతాయో చాలాకాలంగా చూస్తున్నాను. టైము లేక తెగేవి తక్కువ. ఆలస్యమైందన్న మొహమాటంతో తెగేవే ఎక్కువ. వారం జవాబు రాయని మనిషి, ఇప్పుడు రాస్తే వట్టి రెండు ముక్కలు బాగుండవు, తీరిగ్గా పెద్దగా రాయాలి అనుకుంటుంది. ఆ తీరిక రాదు. నెల దాటుతుంది. ఇంక ఏ ముఖం పెట్టుకుని రాయాలి అన్న టెన్షన్ మొదలవుతుంది. అవతలి మనిషి తనను మరిచిపోయారని మనసులో పెట్టుకుంటుంది. ఇద్దరికీ ప్రేమ ఉంది, ఇద్దరూ ఊరుకున్నారు. 2014 నవంబరులో వాట్సాప్‌లో నీలి టిక్కులు వచ్చాక ఇది ఇంకా ఎక్కువైంది. చదివి కూడా పలకలేదన్న లెక్క కళ్ల ముందే ఉంటుంది కదా.

మా పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లకు దూరం నుంచి బంధం నిలుపుకోవడం కొత్త విద్య కాదు. ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉంటారని పేరు పడ్డ జిల్లా మాది. ముంబయికి, పుణెకు పోయినవాళ్లు లేని ఊరు ఈ చుట్టుపక్కల లేదు. మా మామ ఇదే ఊళ్లో ఉత్తరాలు బట్వాడా చేశాడు. చదువు రాని వాళ్లకు అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవాడు, జవాబు కూడా తనే రాసిపెట్టేవాడు. ఆ ఉత్తరాలకు ఒక వరస ఉండేదని చెప్తాడు. ఉభయకుశలోపరి అన్నాక పెద్దలకు దండాలు, పిల్లలకు ముద్దులు, తర్వాత వానలు, ఎడ్లు, అప్పు సంగతి, కురుమూర్తి జాతరకు వస్తున్నామా లేదా. ఆ వరస ఉండబట్టే, పొద్దంతా ఇటుకలు మోసినవాడికి కూడా ఏం రాయాలా అన్న బెంగ ఉండేది కాదు. ఇంకో సంగతి, ఇది మామ చెప్పినప్పుడే నా మనసులో నాటుకుంది: ఆలస్యమైనందుకు ఎవరూ సంజాయిషీ రాసేవాళ్లు కాదట. పని దొరికింది, దొరకలేదు అని రాసేవాళ్లు, అంతే. ఇంట్లోవాళ్లు కూడా ఇన్నాళ్లేమైంది అని అడిగేవాళ్లు కాదు. ఉత్తరం వచ్చింది, అదే పదివేలు.

పెళ్లికి శుభలేఖ మూలలకు పసుపు పూస్తాం. చావు కబురైతే ముందు ఎవరికి చెప్పాలో ఊళ్లో అందరికీ తెలుసు. పండక్కి ఆడబిడ్డను పిలవకపోతే తప్పు. ప్రతి బంధానికీ ఇట్లా ఏదో ఒక మర్యాద ఉంది కాబట్టే, మనుషులు ఎంత పనిలో మునిగినా ఆ బంధాలు నడుస్తున్నాయి. తెర మీది స్నేహాలు వచ్చి ఇన్నేళ్లైనా వాటికి ఇంకా ఒక ఆనవాయితీ ఏర్పడలేదు. అందుకే అవి తేలిగ్గా పోతున్నాయి, పోయినప్పుడు ఆ పెద్దాయన లాంటి వాళ్లకు అవి మొదటినుంచీ ఉత్తవే అనిపిస్తున్నాయి. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే.

మేం కొద్దిమందిమి మాలో మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. నీలి టిక్కులు అందరం తీసేశాం. ఎంత ఆలస్యంగా రాసినా క్షమించు అనే మాట రాయకూడదు, నేరుగా సంగతిలోకి పోవాలి. ఇది చెప్పినంత సులువు కాదు, చేతులు అలవాటుగా అటే పోతాయి. కానీ ఆ మాట మానేసినప్పటి నుంచి మా మధ్య మౌనాలు చిన్నవయ్యాయి.

విజయవాడ అక్క వల్ల ఇంకొకటి నేర్చుకున్నాం. వాళ్లాయనకు కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు, రానూపోనూ వేరే. మొదట్లో ఆస్పత్రి కుర్చీలోనే కూర్చుని టపాలు రాసింది. తర్వాత రాయడం ఆపేసింది, పలకడమూ ఆపేసింది. ఎట్లా ఉన్నావు అని రోజూ అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే. అందుకని ఏది పంపినా చివర జవాబు అక్కర్లేదు అని రాయడం మొదలుపెట్టాం. మా చేలో కంది పూతకొచ్చింది, జవాబు అక్కర్లేదు. మా పెద్దమ్మాయి సైకిలు నేర్చుకుంది, జవాబు అక్కర్లేదు. నెలల తరబడి అట్లాగే నడిచింది. ఒక రోజు ఆమె నుంచి కబురు వచ్చింది: అవ్వల గురించి నువ్వు రాసింది పక్క బెడ్డు మీద ఉన్న పిల్లవాడికి చదివి వినిపించాను, వాడు నవ్వాడు అని. నేను అది చదివి పోస్టాఫీసు బల్ల దగ్గరే ఏడ్చాను. వాకిట్లో నిలబడకుండానే మనిషికి మనిషి తోడు కావడం ఇది కాకపోతే మరేమిటో ఆ పెద్దాయనే చెప్పాలి.

దమ్మామ్ తమ్ముడికి చదివే తీరిక లేదు కాబట్టి నా టపాలు నేనే చదివి గొంతు రికార్డు చేసి పంపుతాను. శుక్రవారం వంట చేసుకుంటూ వింటాడు. గుడ్ మార్నింగ్ బొమ్మలు, పండగ ఫార్వర్డులు మాత్రం నేను పలకరింపు కింద లెక్కపెట్టను. అవి వందమందికి పోయేవి. నీ మేకపిల్లకు కాలు తగ్గిందా అని ఒక్క వాక్యం చాలు, అది నా కోసమే రాసింది కదా.

ఇప్పుడు మిర్యాలగూడ సారు గురించి చెప్పాలి. ఆయన తెల్లవారుజామునే లేచి మా అందరి టపాలు చదివేవారు. నా ఒత్తులు దిద్దింది ఆయనే. ఫలానా మాట మీ దిక్కు ఇట్లా అంటారా అని అడిగి రాసుకునేవారు. కొన్నాళ్లు ఆయన కనపడలేదు. ఊరికి వెళ్లి ఉంటారనుకున్నాం. హైదరాబాద్‌లో ఉన్న ఒకాయన చివరికి ఫోన్ చేస్తే సారు కూతురు ఎత్తింది. ఆయన పోయి అప్పటికే నెల దాటింది. ఇంట్లో ఎవరికీ మేమున్న సంగతి తెలియదు, అందుకే కబురు రాలేదు. “నాయినకు ఇంతమంది ఉన్నరని మాకు తెల్వదు” అన్నదట ఆమె.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. సారు మా టపాల కింద రాసినవన్నీ ఏరి, ముద్రించి, కుట్టించి ఆ ఇంటికి పంపాం. కవరు నేనే బుక్ చేశాను. సంవత్సరీకానికి హైదరాబాద్ వాళ్లిద్దరూ మిర్యాలగూడ వెళ్లారు. వాకిట్లోకి రావడం అంటే అదీ ఉంది, వచ్చేవాళ్లకు దారి తెలిస్తే.

అందుకే ఇప్పుడు మాలో ప్రతి ఒక్కరూ ఇంట్లో ఒకరి నంబరు మిగతావాళ్లకు ఇచ్చారు. మా పెద్దమ్మాయికి నా నోటు పుస్తకం ఎక్కడుంటుందో తెలుసు. అందులో పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, పిన్ కోడ్‌తో సహా ఉన్నాయి. నాకేదైనా అయితే ఎవరెవరికి చెప్పాలో కూడా రాసి ఉంది. ఇంతమంది ఎవరమ్మా అని అది అడిగితే ఒక్కొక్కరి గురించీ చెప్పాను. ఇప్పుడు అమెరికా అత్తమ్మ ఏమంది అని అదే అడుగుతుంది.

చిరునామా కాగితం మీద ఎందుకంటారా, తెర మీది చోట్లు శాశ్వతం కావు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న ఆగిపోయింది. మరుసటి ఏడాది డిసెంబరులో యాహూ గుంపులు పోయాయి. ఒకప్పుడు మా శాఖతో కలిసి ఉన్న టెలిగ్రాం కూడా 2013 జులైలో ఆగిపోయింది, నూట అరవై ఏళ్ల సేవ అది. చోటు పోయినా మనిషి దొరకాలంటే 508తోనో 509తోనో మొదలయ్యే ఆరంకెలు, వీధి పేరు ఉంటే చాలు. ఎక్కడున్నా బట్వాడా అవుతుంది.

అమ్మాయిలకు ఒక మాట. మనిషి ఎవరో తెలియకముందే ఇంటి చిరునామా, నంబరు ఇవ్వకండి. నేను చాలా కాలం ఇవ్వలేదు. డబ్బులు అడిగినవాళ్లతో మాట ఆపేయండి, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది వేరే జాగ్రత్త, నేను చెప్తున్నది ఏళ్ల తరబడి ఒకరి రాతలు ఒకరు చదువుకుని దగ్గరైన వాళ్ల గురించి.

సంపాదకులు గారూ, ఒకప్పుడు పత్రికల్లో కలం స్నేహం శీర్షికలు ఉండేవి. చిరునామాలు అచ్చువేయమని ఇప్పుడు అడగడం లేదు. దూరాన ఉన్న స్నేహితులతో, పని ఒత్తిడి మధ్య, తాము ఎట్లా మాట కలుపుకుంటున్నారో పాఠకులను రాయమని అడగండి. ఆదివారం పేజీలో ఒక మూల చాలు. రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మలు, లారీ డ్రైవర్లు, పసిపిల్లల తల్లులు, వీళ్లందరి దగ్గరా ఏదో ఒక పద్ధతి ఉండే ఉంటుంది. వీలైతే ఆ పెద్దాయన్ని కూడా మళ్లీ రాయమనండి, ఆయన జవాబు చదవాలని ఉంది. ఈమెయిల్ రానివాళ్ల కోసం కార్డు మీద రాసినా తీసుకుంటామని కింద ఒక ముక్క వేయండి. పోస్టుకార్డులు మా ఆఫీసులో దొరుకుతాయి.

ఇట్లు,
ఒక బ్రాంచి పోస్ట్‌మాస్టర్,
మక్తల్ మండలం, నారాయణపేట జిల్లా