పూసల బాబిన్ లేసు మ్యాట్ కిట్లలో లోపాలపై ఫిర్యాదు

హన్మకొండ

కస్టమర్ సేవల విభాగం వారికి,

విషయం: 24 సెం.మీ. గుండ్రటి పూసల మ్యాట్ కిట్లు ఆరు – మార్పిడి లేదా డబ్బు వాపసు గురించి

నమస్కారం. అల్లిక తరగతి కోసం మీ వద్ద ఆన్‌లైన్‌లో కొన్న ఆరు కిట్లలో ఒక్కటీ పనికొచ్చేలా లేదు. 24 జతలకు 48 బాబిన్లు (దారం చుట్టే చిన్న కండెలు) ఉండాల్సిన చోట పెట్టెకు 44 వచ్చాయి. అది లెక్క తప్పు, సరిచేయొచ్చు. అసలు చిక్కు పిన్నులు గుచ్చే గుర్తుల అట్టది.

అట్ట మూలన '5 సెం.మీ.' అని సరిచూసుకునే గీత ఉంది. స్కేలు పెడితే 4.6 వస్తోంది. 'ఫిట్ టు పేజ్' (కాగితానికి సరిపడా కుదించే ప్రింటర్ సెట్టింగ్) తీయకుండానే ప్రింట్ కొట్టినట్టున్నారు. మ్యాట్ 22 సెం.మీ.కు తగ్గడం ఒక్కటే అయితే ఊరుకునేవాళ్లం. అంచున పిన్నుకూ పిన్నుకూ మధ్య 5 మి.మీ.లో రెండు పూసలు కూర్చోవాలి. పూస 2.1 మి.మీ.; రెండూ పోగా మిగిలే 0.8లో దారం మెలిక పట్టాలి. మీ అట్ట మీద మిగిలేది 0.4. ఒక అంచు ముక్క అల్లి పిన్నులు తీస్తే పూసలు ఒకదాన్నొకటి నెట్టుకుని అంచు కుచ్చిళ్లు పోయింది. గంజి పెట్టినా లొంగలేదు.

పూసల సంగతి. సన్న క్రోషే సూదిని పూసలోంచి దూర్చి, జతలో ఒక దారాన్ని ఉంగరంలా పైకి లాగి, అందులోంచి రెండో బాబిన్‌ను పోనిచ్చి బిగించాలి. అంటే పూస రంధ్రంలో సూదీ, రెండు పేటల దారమూ పట్టాలి. మీరిచ్చిన 0.6 మి.మీ. సూది ప్రతి పొట్లంలోనూ చాలా పూసల్లోకి ఎక్కనే లేదు. ఎక్కినవాటిలో కొన్నింటి రంధ్రం అంచు పదునుగా ఉండి దారాన్ని కోసేస్తోంది. ఎర్ర పూసలను తడి తెల్ల గుడ్డలో చుడితే రంగు దిగింది.

పెట్టె మీద 'ఇత్తడి పిన్నులు' అని ఉంది. అయస్కాంతం పెడితే అన్నీ అంటుకున్నాయి. ఈ పనిలో పిన్నులు రోజుల తరబడి తెల్లదారంలోనే ఉంటాయి. వానకాలంలో తుప్పు చుక్కలు పడితే మ్యాట్ ఖరాబైనట్టే.

తెలుగు కరపత్రంలో దీన్ని 'క్రోషే లేసు' అన్నారు. క్రోషే ఒక్క సూదితో అల్లేది, నరసాపురం లేసు అదే. బాబిన్ లేసు పడుగూ పేకా ఉన్న పని. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు చెప్పినా ఇట్టే అర్థమవుతుంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. నాలుగు దారాల్లో నడిమి రెండింటిని దాటించడం క్రాస్, ఒక్కో జతలోని రెండింటిని దాటించడం ట్విస్ట్. మీరు క్రాస్‌కూ ట్విస్ట్‌కూ రెండింటికీ 'ఎడమ దారం కుడిదాని మీదుగా' అని అచ్చేశారు. క్రాస్‌కు అది సరే. ట్విస్ట్‌లో కుడిది ఎడమదాని మీదుగా పోవాలి. మీరు చెప్పినట్టు చేస్తే నాలుగు దారాలు జడలా పెనవేసుకోవు, తాడులా మెలి తిరుగుతాయి.

ఆరు కిట్లకూ సరైన కొలతతో అట్టలు, తక్కువైన 24 బాబిన్లు, ఇత్తడి పిన్నులు, రంగు దిగని పూసలు, దిద్దిన కరపత్రం పంపండి. కుదరకుంటే మీ ఖర్చుతో కిట్లు తీసుకెళ్లి డబ్బు వాపసు ఇవ్వండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. స్కేలు పెట్టి తీసిన అట్ట ఫొటో, అంచు ముక్క ఫొటో జతచేశాం.

ఇట్లు,
అల్లిక తరగతి టీచర్లు