సర్వేలో మా నాయనమ్మని కూడా అడగండి, మంత్రి గారూ

పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

కాలనీ ఎలా ఉందో తెలుసుకోవడానికి మీ శాఖ ఇంటింటికీ తిరిగి చేయిస్తున్న సర్వే గురించి ఈ ఉత్తరం. ఫారంలో జవాబులు చెప్పేది దాదాపు ప్రతి ఇంట్లో నా వయసువాళ్లే. పార్కింగ్, ట్రాఫిక్, నీళ్లు, వీధి దీపాలు అంటాం, అవన్నీ నిజమే. కానీ అదే వీధిలో మా నాయనమ్మ వేరే ఊళ్లో ఉన్నట్టు బతుకుతోంది, మా పాప ఇంకో ఊళ్లో.

నాయనమ్మ వయసువాళ్లు రోడ్డు దాటడం ఒక్కసారి పక్కన నిలబడి చూడండి. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనే లెక్కతో సిగ్నల్ టైం పెట్టడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతే. 12 మీటర్ల రోడ్డుకి 10 సెకన్లు. 80 దాటినవాళ్లలో చాలామంది నడక సెకనుకు 0.8 మీటర్ల దగ్గరే ఉంటుంది, అంటే లైటు మారేసరికి నాయనమ్మ ఇంకా 4 మీటర్ల ఇవతలే ఉంటుంది, బళ్లు రయ్యిమంటూ కదిలిపోతాయి. అందుకే ఆవిడ బయటికెళ్లడమే మానేసింది. బయటికి రాని మనిషి ఇబ్బంది మీ ట్రాఫిక్ లెక్కల్లోకి ఎలా వస్తుంది?

మూడేళ్ల పిల్ల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో కూర్చుని చూస్తే వీధంటే చక్రాలు, సైలెన్సర్ పొగ, ప్రహరీ గోడలు, అంతే. ఇక పదిహేనేళ్ల పిల్లలకి ఎవరూ కసురుకోకుండా నిలబడి మాట్లాడుకునే చోటే లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. 1995లో డేనియల్ పౌలీ అనే మత్స్య శాస్త్రవేత్త ఒక మాట చెప్పారు: ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము పని మొదలుపెట్టినప్పుడు సముద్రంలో ఉన్న చేపల్నే మామూలు స్థాయి అనుకుంటారు, అంతకుముందు పోయినదాన్ని లెక్కలోకే తీసుకోరు. వీధుల విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నీడ ఉండేదని నాయనమ్మ అంటుంది, నాకు అక్కడక్కడా నాలుగు చెట్లు గుర్తు, మా పాపకి ఏసీ మెషీన్ల వేడిగాలి కొట్టే గోడలే వీధి. రేపు పెద్దయ్యాక తను సర్వేలో "బాగానే ఉంది" అనే రాస్తుంది. ఏం పోయిందో తెలిసినవాళ్లు వెళ్లిపోయేకొద్దీ, వీధి పాడవుతున్నా సంతృప్తి మార్కులు మాత్రం పెరుగుతూనే ఉంటాయి!

పెద్దవాళ్లని అడగడం కొత్తేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వృద్ధులకు అనువైన నగరాల గైడు తయారుచేసింది 33 నగరాల్లో వృద్ధులతో నేరుగా మాట్లాడి. పిల్లలకి సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోనే ఉంది.

ఫారంలో వయసు గడి ఎలాగూ ఉంది. ఒక్క సగటు చెప్పి ఊరుకోకుండా ఏ వయసువాళ్లు ఏమన్నారో విడివిడిగా బయటపెట్టించండి. కొత్త ప్లాన్ మీద సంతకం పెట్టేముందు మీ ఇంజనీర్లని ఒక ముసలావిడతో, ఒక చిన్నపిల్లతో ఆ వీధి మొత్తం నడిపించండి, వాళ్ల వేగంతోనే. ఈలోపు సిగ్నల్ టైం పెంచడానికైతే ఏ సర్వే కోసమూ ఆగక్కర్లేదు.