హెడ్‌ఫోన్లకూ మరమ్మతు సూచీ ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. కొనబోయే ఫోను పాడైతే ఎంత సులువుగా బాగు చేయించుకోవచ్చో ముందే తెలిపే మరమ్మతు సూచీ ఒకటి ఉండాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ 2025 మే నెలలో నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత సులువు, విడిభాగాలు సకాలంలో దొరుకుతాయా, ఏ పనిముట్లు కావాలి వంటి అంశాలను బట్టి మార్కులు వేయాలన్న ఆలోచన మెచ్చదగినదే కానీ, తొలి విడతను స్మార్ట్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు పరిమితం చేశారు. ఆ జాబితాలో హెడ్‌ఫోన్లనూ చేర్చాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

హనుమకొండలో ఇంటి దగ్గరే ఒగ్గు కథల, పెళ్లి పాటల రికార్డింగులు సరిచేసి ఇవ్వడం నా వృత్తి. 2012లో కొన్న వైరు హెడ్‌ఫోనుతోనే నేటికీ పని చేస్తున్నాను. దాని చెవి కుషన్లు రెండుసార్లు మార్చాను. నిరుడు జాక్ మొదట్లో వైరు తెగి ఎడమ చెవికి శబ్దం ఆగిపోతే, చౌరస్తా దగ్గరి సందులో పాత రేడియోలు బాగు చేసే పెద్దాయన వద్దకు తీసుకెళ్లాను. ఆయన తెగిన చోట కత్తిరించి, వెంట్రుకల్లాంటి రాగి తీగల మీది రంగుపూతను సోల్డరింగ్ వేడితోనే కాల్చేసి, కొత్త జాక్ అతికించారు. ఆ పూత పోకుంటే అతికించే లెడ్ (సోల్డర్) తీగకు అంటదట. కొత్తగా పని నేర్చుకునే పిల్లలు అక్కడే తడబడతారని చెప్పారు. అరగంటలో పని అయిపోయింది, నూట యాభై రూపాయలు తీసుకున్నారు.

మా అమ్మాయి ఆన్‌లైన్ పాఠాల కోసం తొమ్మిది వేలు పెట్టి కొన్న వైర్‌లెస్ హెడ్‌ఫోను సంగతి వేరు. రెండేళ్లు నిండకముందే ఛార్జింగ్ గంటసేపు కూడా నిలవడం మానేసింది. బ్యాటరీ విడిగా రాదని, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోమని సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. అదే పెద్దాయన విప్పబోతే, జిగురుతో అతికించిన డొప్ప ఊడి రాలేదు సరికదా లోపలి కొక్కేలు రెండు విరిగాయి. "ఇది విప్పడానికి చేసింది కాదు బిడ్డా" అని తిరిగి ఇచ్చేశారు.

లిథియం బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగుల తర్వాత నీరసించడం, కృత్రిమ తోలు కుషన్లు చెమటకు పొరలు పొరలుగా రాలడం ఎవరి తప్పూ కాదు. అవి అరిగిపోయేవని తయారీదారుకు ముందే తెలుసు. తెలిసి కూడా మార్చే దారి మూసేయడమే నా అభ్యంతరం. ఇది చేతగాని పనేమీ కాదు. సెన్‌హైజర్ అనే జర్మన్ కంపెనీ 1988లో తెచ్చిన హెచ్‌డీ 25 అనే హెడ్‌ఫోనులో వైరు, కుషన్లు మొదలుకొని దాదాపు ప్రతి భాగమూ విడిగా దొరుకుతుంది కనుకనే స్టూడియోల్లో అది ఇంకా నడుస్తోంది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల బ్యాటరీలు, కొన్ని మినహాయింపులు పోను, వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలి. అక్కడి వారి కోసం డిజైను మార్చక తప్పని కంపెనీలు, అదే సరుకును వరంగల్‌లోనూ అమ్మడానికి అడ్డేమిటి?

మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనలు ప్రధానంగా పారేసిన తర్వాతి సంగతి చూస్తాయి. పారేసే అవసరం రాకుండా చూడాల్సింది ఈ సూచీయే. మార్కులతో పాటు కుషన్లు, వైరు, బ్యాటరీ విడిగా ఎన్నేళ్లు దొరుకుతాయో, వాటి ధర ఎంతో డబ్బా మీద అచ్చు వేయించాలని శాఖను కోరుతున్నాను. అమ్మాయి హెడ్‌ఫోను ఇప్పటికీ బీరువాలోనే ఉంది; ఛార్జర్ వైరు తగిలించి ఉంచితే రెండు చెవులూ చక్కగా పలుకుతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ