గ్లవ్స్ ఒక్కటే మారిస్తే సరిపోదు, మంత్రిగారూ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను 14 ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. రోజుకు ఎన్ని జతల గ్లవ్స్ వేసి తీసేదాన్నో లెక్కే లేదు. మొదట్లో వేళ్ల సందుల్లో దురద వస్తే సబ్బు పడలేదనుకున్నాను. తర్వాత గ్లవ్స్ విప్పేసరికి మణికట్టు దాకా దద్దుర్లు. చివరికి థియేటర్లో అడుగుపెడితే చాలు తుమ్ములు, ఆయాసం. రక్త పరీక్ష చేస్తే లేటెక్స్ అలర్జీ, అంటే రబ్బరు చెట్టు పాలతో చేసే సహజ రబ్బరు పడకపోవడం, అని తేలింది. ఉద్యోగం మానేశాను. ఆ కథ పక్కన పెట్టండి, ఇప్పుడు నా బాధ పన్నుతో.

పోయినేడు ఒక పుప్పి పన్నుకు రూట్ కెనాల్ చేయించుకోవడానికి వెళ్లాను. లేటెక్స్ పడదని కౌంటర్ దగ్గరే చెప్పాను. డాక్టరమ్మ శ్రద్ధగా విని, తెల్ల గ్లవ్స్ తీసేసి నీలం రంగు నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లవ్స్ వేసుకున్నారు. హమ్మయ్య అనుకున్నాను. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, కింది పెదవి మొద్దుబారింది. అప్పుడు పంటి చుట్టూ ఒక ఆకుపచ్చ రబ్బరు షీటు బిగించారు. దాన్ని రబ్బర్ డ్యామ్ అంటారు. ఉమ్ము పంటిలోకి పోకుండా, మందులూ పనిముట్లూ గొంతులోకి జారకుండా కాపాడుతుంది. మంచి పద్ధతే. కానీ ఆ షీటు లేటెక్స్‌ది.

పెదవి వాస్తున్నట్టు నాకు తెలియనే లేదు. మొద్దుబారిన నోటికి దురద ఎలా తెలుస్తుంది? తెలిసినా, షీటు బిగించిన నోటితో ఏం చెప్పగలను? అరచేతులు మండి, ఛాతీ బిగుసుకున్నాక కుర్చీ చేతిని టపటపా కొట్టాను. షీటు పీకేశారు. ఇలాంటి తీవ్రమైన అలర్జీకి వెంటనే ఇవ్వాల్సిన అడ్రినలిన్ ఇంజెక్షన్ క్లినిక్‌లో ఉంది, కానీ ఏ సొరుగులో ఉందో ఇద్దరు మనుషులు వెతకాల్సి వచ్చింది. తొడకు ఇంజెక్షన్ పడ్డాక గాని ఊపిరి ఆడలేదు.

ఆ డాక్టరమ్మను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆవిడ చేతులు వణకడం నేను చూశాను. లేటెక్స్ అనగానే ఆవిడకు గ్లవ్స్ గుర్తొచ్చాయి, డ్యామ్ తట్టలేదు. ఎంతమందికి తడుతుంది? పళ్లు పాలిష్ చేసే బుల్లి కప్పు, నోరు మూతపడకుండా పెట్టే దిమ్మ, పిల్లల క్లిప్పులకు తగిలించే బ్యాండ్లు, బీపీ మిషన్ గొట్టం, గ్యాస్ ఇచ్చే ముక్కు మాస్క్, కొన్ని రకాల మత్తుమందు కార్ట్రిడ్జ్‌లకు ఉండే బిరడా... ఎక్కడైనా ఉండొచ్చు. దాదాపు అన్నిటికీ నైట్రైల్‌లోనో సిలికాన్‌లోనో బదులు వస్తువు దొరుకుతుంది.

రబ్బరు చెట్టు పాలలో ఉండే ప్రొటీన్లతోనే ఈ ప్రమాదం. పడనివాళ్లకు నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. రబ్బరు తయారీలో కలిపే రసాయనాల వల్ల ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే దద్దుర్లు వేరే సంగతి. అవి నైట్రైల్ గ్లవ్స్‌తోనూ రావచ్చు. రెండూ ఒకటే అనుకుని "కాస్త దురదే కదమ్మా" అనేస్తారు. ఆ మాట నేనూ పేషెంట్లతో అన్నదాన్నే, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను.

అన్నిటికన్నా చెడ్డది పౌడర్ పూసిన లేటెక్స్ గ్లవ్స్. ఆ పౌడర్ మొక్కజొన్న పిండి. ప్రొటీన్ దానికి అంటుకుని, గ్లవ్స్ ఫట్‌మని లాగినప్పుడల్లా గాల్లోకి లేస్తుంది, గంటల తరబడి తేలుతుంది. అందుకే మాలాంటివాళ్లను పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోమంటారు. సలహా మంచిదే. కానీ పన్ను నొప్పి పొద్దుటి దాకా ఆగుతుందా? జర్మనీ ఈ గ్లవ్స్‌ను 1990ల చివర్లోనే కట్టడి చేసింది, ఆ తర్వాత అక్కడి ఆస్పత్రి సిబ్బందిలో ఈ అలర్జీ కేసులు తగ్గాయి. అమెరికా 2017 జనవరి నుంచి పౌడర్ గ్లవ్స్‌ను పూర్తిగా నిషేధించింది.

మంత్రిగారూ, మాకోసం వేరే గది, వేరే రోజు పెట్టమని అడగను. అలాంటి ఏర్పాటు తమకు అలర్జీ ఉందని తెలిసినవాళ్లకే పనికొస్తుంది. తెలియనివాళ్ల మాటేమిటి? దంత వైద్యశాలలకు మీ శాఖ కొనే సరుకులోనే లేటెక్స్ లేకుండా చూడండి. ముందు పౌడర్ గ్లవ్స్, ఆ వెంటనే డ్యామ్ షీట్లు, కప్పులు. ఖర్చు పెరుగుతుందంటారు, కొంత పెరుగుతుంది కూడా. పెద్ద మొత్తంలో కొనేది మీరే కాబట్టి ధర తగ్గించమని అడిగే బలం మీకుంది, చిన్న క్లినిక్‌కు లేదు. పైగా రోజంతా ఆ గాలి పీల్చేది డాక్టర్లూ అసిస్టెంట్లే. రేపు నాలా ఉద్యోగం మానుకునేది వాళ్లే.

డబ్బాల మీద రాతల సంగతి కూడా చూడండి. గోడకు వేసే లేటెక్స్ పెయింట్‌లో సహజ రబ్బరు ఉండదు, పేరు చూసి భయపడేవాళ్లున్నారు. 'హైపోఅలర్జెనిక్' (అలర్జీ తక్కువ) అని గొప్పగా రాసుకున్న గ్లవ్స్‌లో సహజ రబ్బరు ఉండొచ్చు! సహజ రబ్బరు లేటెక్స్ వాడారో లేదో డబ్బా మీద సూటిగా ఒక్క ముక్క రాస్తే చాలు.

ఇంకొకటి, ఇది పైసా ఖర్చు లేని పని. కేస్ షీట్‌లో "ఏమైనా అలర్జీ ఉందా?" అని ఉంటే జనం మందుల పేర్లే చెప్తారు. బెలూన్ ఊదినప్పుడు పెదవి వాచిందా, అరటిపండో కివీనో తింటే నోరు దురద పెడుతుందా, చిన్నప్పటి నుంచి చాలా ఆపరేషన్లు అయ్యాయా అని అడగాలి; లేటెక్స్ పడకపోవచ్చనడానికి ఇవి గుర్తులు. వెన్నుపూస లోపంతో పుట్టి పదేపదే ఆపరేషన్లు చేయించుకున్న పిల్లల్లో ఈ అలర్జీ బాగా ఎక్కువ. వాళ్ల అమ్మానాన్నలను తప్పకుండా అడగాలి. అడ్రినలిన్ ఎక్కడుందో కుర్చీ దగ్గర నిలబడే ప్రతి మనిషికీ తెలిసుండాలి, దాని గడువు తేదీతో సహా.

నా రూట్ కెనాల్ సగంలోనే ఉంది. ఆ రోజు తాత్కాలిక సిమెంట్ పెట్టి పంపించారు. అది రెండుసార్లు ఊడితే మళ్లీ పెట్టించుకున్నాను. మిగతా పని చేయించుకోవడానికి ఫోన్ చేసిన ప్రతి చోటా "మా దగ్గర నైట్రైల్ గ్లవ్స్ ఉన్నాయండీ" అంటున్నారు. డ్యామ్ దేంతో చేసిందని అడిగితే, "కనుక్కుని చెప్తాం" అంటున్నారు.

ఇట్లు,
ఒక మాజీ స్టాఫ్ నర్సు