ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గారికి

పాలు పైకి తన్నకుండా మా పాపకు ఫండోప్లికేషన్ ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత పాలు పట్టిన గంటా రెండు గంటలకి చెమటలు పట్టి, తోటకూర కాడలా వాలిపోయేది. నిద్రేమోలే అన్నారంతా. మీరు మాత్రం వెంటనే షుగర్ చూశారు. 60 లోపే ఉంది. డాక్టర్ గారిని పిలిపించారు.

పాలు కడుపులో నిలవకుండా పేగులోకి త్వరగా జారిపోతే షుగర్ ఒక్కసారిగా పెరుగుతుందనీ, దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, కాసేపటికి షుగర్ మరీ పడిపోతుందనీ, దీన్నే డంపింగ్ సిండ్రోమ్ అంటారనీ మీరు చెబితేనే నాకు అర్థమైంది.

షుగర్ చూడ్డానికి సూది గుచ్చే ముందు ప్రతిసారీ పాప మడమను మీ అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబరిచేవారు. తొందరలో ఎంతమందికి తోస్తుంది ఆ పని! మడమ మధ్యలో కాదు, పక్కన గుచ్చాలని చూపించారు. నా చేతులు వణుకుతుంటే, "మెల్లగా చెయ్యమ్మా, నేనున్నాగా" అన్నారు. షిఫ్ట్ అయిపోయినా వెళ్లకుండా, పాలకు ముందు ఎంత, తర్వాత అరగంటకోసారి ఎంత అని రాసుకోవడానికి కాగితం మీద గళ్లు గీసిచ్చారు. ఆ గళ్లు చూసే డాక్టర్లు పాలు పంపుతో నెమ్మదిగా ఎక్కించాలని నిర్ణయించారు.

ఇప్పుడు పాప షుగర్ నిలకడగా ఉంది. మీ మేలు మరచిపోలేను సిస్టర్. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలి.