తమ్ముడు ఇంటికి వచ్చాడు. అందరికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం తమ్ముడిని డిశ్చార్జ్ చేశారు. మాట ఇంకా తడబడుతోంది, కుడిచేయి లేవడం లేదు. కానీ గడపలో అమ్మను చూసి గుర్తుపట్టాడు, అది చాలు మాకు. రోజూ ఫోన్లు చేసి అడిగినవాళ్లకు విడివిడిగా జవాబిచ్చే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నిద్రలేక కళ్లు మండుతున్నాయి. తప్పులుంటే మన్నించండి.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. సూర్యాపేట దాటాక హైవే మీద తమ్ముడి బండిని వెనక నుంచి కారు గుద్దింది. హెల్మెట్ ఉండబట్టే ప్రాణం దక్కిందన్నారు. దగ్గరలోని ఆసుపత్రిలో స్కాన్ తీసి, మెదడు మీద ఎడమవైపు రక్తం గడ్డకట్టిందనీ, తమ దగ్గర న్యూరోసర్జన్ లేరనీ, గంట కూడా ఆలస్యం చేయకుండా హైదరాబాద్ తీసుకెళ్లమనీ చెప్పారు. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రికి రాత్రే ఆపరేషన్ జరిగింది. పుర్రె ఎముకలో అరచేయంత ముక్క తీసి, గడ్డను తొలగించారు. మెదడు వాపు తగ్గాక మళ్లీ అమర్చడానికి ఆ ముక్కను పొట్ట చర్మం కింద భద్రపరిచారు. ఆ రాత్రి కత్తి పట్టిన డాక్టరు గారికి పాదాభివందనం. ఆ తర్వాత వెంటిలేటర్, ఐసీయూ బిల్లులకు మరదలి పుస్తెలతాడు, నా గాజులు తాకట్టుకు వెళ్లాయి, చీటీ నష్టానికి పాడాను. ఇక ఎక్కడా అప్పు పుట్టక తమ్ముడిని ప్రభుత్వ ఆసుపత్రికి మార్చాం. పెద్దమ్మ కలిసింది అక్కడే.

పేరు రాయవద్దంది, రాయను. నల్గొండ జిల్లాలో ఒక పల్లె వాళ్లది. భర్త గీత కార్మికుడు. తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస విరిగింది. రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు గానీ నడుము కింద స్పర్శ లేదు. మా పక్క మంచం ఆయనది. మొదటిరోజు నేను తమ్ముడి మంచం పక్కన దిక్కుతోచక నిలబడితే, తనే లేచి వచ్చి, "ఎముక తీసిన వైపు తల ఆనించకు బిడ్డా" అంటూ దిండు సర్దింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండు పడుతుందనీ, ఆ పుండు మానడం ఆపరేషన్ కంటే కష్టమనీ చెప్పింది ఆమే. దుప్పటి నాలుగు మడతలు వేసి నడుము కింద పరిచి, దాన్ని పట్టుకుని మనిషిని ఎలా పక్కకు తిప్పాలో చేసి చూపించింది. ముక్కు గొట్టంలో పోసే రాగిజావను పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలనీ, పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలనీ, పోశాక గొట్టంలోకి కాసిని నీళ్లు వదలాలనీ నేర్పింది. ఇవన్నీ మాకు చెప్పాల్సిన నర్సమ్మలు వార్డు మొత్తానికి ఇద్దరే. వాళ్లనేమీ అనలేను, వాళ్లకు తినడానికి కూడా తీరిక లేదు.

ఒక రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. తిప్పాల్సిన వేళ దాటిపోయిందని ఉలిక్కిపడి లేచేసరికి తమ్ముడు పక్కకు తిరిగి ఉన్నాడు, వీపు వెనక దిండు పెట్టి ఉంది. పెద్దమ్మ వాడి కాళ్ల దగ్గర వంగి, మడమ ఎర్రబడితే పుండుకు మొదలేమోనని, బొటనవేలితో నొక్కి, ఆ ఎరుపు పోతోందా లేదా అని సెల్‌ఫోన్ వెలుతురులో చూస్తోంది. నన్నెందుకు లేపలేదని అడిగితే, "నేను ఎలాగూ మా ఆయన కోసం లేచాను కదా బిడ్డా, ఇద్దరికీ ఒకటే టైము" అంది. ఆపరేషన్ థియేటర్ ముందు కూడా ఏడవని నేను ఆ మంచం కోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఇకముందు తన ఇంటాయన నడుస్తాడో లేదో తెలియని మనిషి, ఎకరం పొలం అప్పుకింద పోతుందని తెలిసిన మనిషి, మా తమ్ముడి మడమ చూసింది. నీ రుణం ఎలా తీర్చుకోవాలి పెద్దమ్మా! వాళ్ల అబ్బాయి ఇది చదివి వినిపిస్తానన్నాడు.

అమ్మ, మరదలు, మా ఆయన, చిన్నాన్నలు... మీకు వేరే చెప్పేదేముంది, మీరే లేకపోతే మేం లేం.

ఒక్క మాట మాత్రం మింగలేకపోతున్నాను. మన తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కానీ పెళ్లయ్యాక తమ్ముడి పేరు నాన్న రేషన్ కార్డులోంచి తీసేశారు, కొత్త కార్డు దరఖాస్తు ఇంకా పెండింగులోనే ఉంది. కార్డులో పేరు లేకపోతే పథకం లేదన్నారు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స ఇవ్వాలని 2025 మేలో కేంద్రం పథకం తెచ్చింది. ఆ మాట కౌంటర్లో అడిగితే, "మాకు అలాంటిదేమీ రాలేదు, ముందు డిపాజిట్ కట్టండి" అన్నారు. మెదడులో నెత్తురు గడ్డకట్టినవాడి అక్క ఆ సమయంలో జీవోలు చూపించి వాదించగలదా? ఆపరేషన్‌తో ఖర్చు అయిపోతుందనుకోకండి. ఫిట్స్ రాకుండా మాత్రలు, ఫిజియోథెరపీ, ఎముక తిరిగి అమర్చే రెండో ఆపరేషన్, పని మానేసి కూర్చున్న మరదలి జీతం, వీటిని ఎవరు లెక్కవేస్తారు? దయచేసి మీ ఇంట్లో కార్డుల్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి.

అయ్యో, రక్తం ఇచ్చిన ఇంజనీరింగ్ పిల్లలను మరిచాను! పరీక్షలు పెట్టుకుని కూడా అర్ధరాత్రి వచ్చారు నాయనా, చల్లగా ఉండండి. 108లో వచ్చిన అబ్బాయి దారి పొడవునా ఆక్సిజన్ మాస్కు చేత్తో పట్టుకునే ఉన్నాడు. సెలవుకు జీతం కోయని మా హెడ్మాస్టరు గారికి, క్యాంటీన్‌లో జావకు వేడినీళ్లు ఊరికే ఇచ్చిన అన్నకు నమస్కారాలు. ఇంకా ఒకరున్నారు. తమ్ముడు పడిన చోట లారీ ఆపి, వాడి ఫోను మోగితే ఎత్తి మాకు కబురు చెప్పి, 108 వచ్చేదాకా కదలకుండా నిలబడిన డ్రైవరన్న. పేరు అడగలేదు, ఆ కంగారులో నంబరూ తీసుకోలేదు. ఆయన ఎవరో తెలిసినవాళ్లుంటే నాకు చెప్పండి, ఫోన్ చేసి మాట్లాడాలి.