చెల్లి పెళ్ళికి రావాలి నాన్నా

చిరంజీవికి, నాన్న ఆశీస్సులు.

బాబాయ్ కూతురు, నీ చెల్లి పెళ్ళికి రానని అమ్మతో చెప్పావట. ఎన్నికలప్పుడు కుటుంబం గ్రూపులో బాబాయ్ మీ నాయకుణ్ణి అన్న మాటలూ, నువ్విచ్చిన జవాబూ చదివాను. పోలవరం పూర్తి కావాలన్నదాంట్లో మీ ఇద్దరికీ ఏమైనా తేడా ఉందా? ధాన్యం డబ్బులు ఆలస్యం కాకూడదన్నదాంట్లో? ఉన్న తేడా అల్లా జెండా రంగే కదరా.

1970 ప్రాంతంలో బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బడిపిల్లలకు క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల చిత్రాలు కొన్ని చూపించి, వాళ్ళకు నచ్చినదాన్ని బట్టి కొందరిని క్లే జట్టన్నాడు, కొందరిని కాండిన్‌స్కీ జట్టన్నాడు. నిజానికి చీటీలు తీసినట్టు ఎలాపడితే అలా విడదీశాడు. తన జట్టులో ఎవరున్నారో ఏ పిల్లాడికీ తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టుకే మొగ్గారు. అంతవరకూ అయితే సరేననుకుందును. తమవాళ్ళకు కాస్త తగ్గినా ఫర్లేదు, అవతలివాళ్ళకు ఇంకా తగ్గాలన్నట్టు పంచారు చూడు, అది చదివి నాకు నిద్ర పట్టలేదు. మన ఊళ్ళో జరుగుతున్నది అదే మరి. మా వీధికి సిమెంటు రోడ్డు రాకపోతే పోయింది, వాళ్ళ వీధికీ ఆగింది చాలని రచ్చబండ మీద కూర్చుని సంతోషపడుతున్నారు.

అమెరికాలో తమ బిడ్డ అవతలి పార్టీ వాళ్ళను చేసుకుంటే బాధపడతామన్నవాళ్ళు 1960లో నూటికి ఐదుగురికి మించలేదు. 2010కి రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమోక్రాట్లలో మూడోవంతు మంది ఆ మాటే అన్నారు. మనకు కులం అడ్డు చాలదన్నట్టు, సంబంధాల దగ్గర ‘వాళ్ళది ఏ పార్టీ’ అని ఇక్కడా ఆరా తీస్తున్నారు.

2019లో 175కి 151 గెలిచిన వైసీపీకి 2024లో 11 వచ్చాయి. 23కి పడిపోయిన టీడీపీ 135కి లేచింది. ఈ రెండు తీర్పులూ ఇచ్చినవాళ్ళు మన చుట్టూ ఉన్న మనుషులే. అటు వేసినవాళ్ళలో ఎందరో తర్వాత ఇటు వేశారు. నువ్వు ‘వాళ్ళు’ అని తిట్టే గుంపులో నిన్నటి మీవాళ్ళు లేరా?

బాబాయ్‌కి కొడుకులు లేరు. లాజహోమంలో చెల్లి దోసిట్లో పేలాలు పోయాల్సిన అన్నవి నువ్వే. పురోహితుడు అడిగితే బాబాయ్ నీ పేరే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, నా వైపైనా చూడకుండా చెప్పాడు.

రాజకీయం మానమని చెప్పడం లేదు. మీ ఎమ్మెల్యేలు ఏం చేశారో, చేయలేదో తెల్లవార్లూ వాదించుకోండి. మనిషిని మాత్రం తిట్టొద్దు. ముందు నువ్వే ఫోన్ చెయ్యి, చిన్నవాడివి. ముహూర్తం తెల్లవారుజామున, కాబట్టి ముందురోజు మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండేట్టు టికెట్ తీసుకో.

మీ నాన్న